నీళ్లలో నూనె ఎక్కడిది?

కారు బానెట్ ఎత్తి కూలెంట్ డబ్బా మూత తీస్తే, లోపల పచ్చగానో ఎర్రగానో తేటగా ఉండాల్సిన ద్రవం ఒక్కోసారి లేత గోధుమరంగులోకి మారి, చిక్కబడి, మూత అంచులకు మీగడలా పట్టుకుని కనిపిస్తుంది. వేలికి అంటించుకుని రుద్దితే జారిపోతుంది. ఉత్త నీళ్లతో కడిగితే వదలదు. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, హైదరాబాదు శివార్లలోని ఏ రేకుల షెడ్డులోనైనా, ఆ డబ్బాలోకి తొంగి చూసినవాళ్ల నోట మొదట వచ్చే మాట దాదాపు ఒకటే: "హెడ్ గాస్కెట్ పోయింది. హెడ్డు దించాల్సిందే."

కొన్నిసార్లు ఆ మాట నిజమే అవుతుంది. కొన్నిసార్లు మాత్రం అది తొందరపాటు, అందులోనూ ఖరీదైన తొందరపాటు. హెడ్డు దించడమంటే టైమింగ్ బెల్టో చైనో విప్పాలి, మానిఫోల్డులు ఊడదీయాలి, హెడ్డును లేత్‌కు పంపి ఫేసింగ్ చేయించాలి, కొత్త గాస్కెట్ సెట్టు, చాలా ఇంజన్లకు కొత్త బోల్టులు కూడా కొనాలి. కిరాయికి కారు తిప్పుకుని బతికే మనిషికి ఖర్చు ఒక ఎత్తు, బండి షెడ్డులో పడి ఉన్న రోజుల ఆదాయం ఇంకో ఎత్తు. ఇంతా చేసి బండి రోడ్డెక్కాక డబ్బాలో మళ్లీ అదే గోధుమరంగు తేలిందనుకోండి. అసలు చిల్లు హెడ్డు దగ్గర లేదన్నమాట. బ్లాకు పక్కన బిగించి ఉండే, అరచేతిలో పట్టే ఆయిల్ కూలర్‌లో ఉంది. నీళ్లలో నూనె కనిపించడం లక్షణం మాత్రమే. ఏ గోడకు చిల్లు పడిందో తేల్చడమే రోగనిర్ధారణ. దాన్ని స్పానర్ పట్టకముందే చాలావరకు తేల్చవచ్చు. అందుకు కావాల్సింది కాస్త భౌతికశాస్త్రం, ఒక గాజు సీసా, ఓపిక.

ఇంజన్‌లో నీళ్ల దారి, నూనె దారి, మంట రగిలే సిలిండర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. ఈ మూడూ బాగా ఇరుకుగా కలిసే చోటు హెడ్ గాస్కెట్. బ్లాకుకూ హెడ్డుకూ మధ్య నలిగే ఆ ఒక్క పలుచని రేకులోనే మూడింటికీ వేర్వేరు రంధ్రాలుంటాయి. రెండో చోటు ఆయిల్ కూలర్. పలుచని అల్యూమినియం పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చి అతికిస్తారు. ఒక సందులో నూనె, పక్క సందులో కూలెంట్ పారుతుంటాయి. పొద్దున్నే చల్లగా ఉన్న నూనెను త్వరగా వెచ్చబెట్టేదీ, శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు కాగిపోతున్న నూనెను చల్లార్చేదీ అదే. ఆ పలకల మందం మిల్లీమీటరు కూడా ఉండదు. కూలర్‌ను బ్లాకుకు బిగించే చోట రెండు ద్రవాలనూ విడదీసేది ఉత్త రబ్బరు సీలు. ఇక ఆటోమేటిక్ గేర్ల కార్లలో మూడో చోటు కూడా ఉంటుంది. చాలా మోడళ్లలో గేర్‌బాక్స్ నూనెను చల్లార్చే చిన్న కూలర్‌ను రేడియేటర్ ట్యాంకు లోపలే దాచి పెడతారు.

విద్యుత్ కార్లు వస్తే ఈ బాధ ఉండదనుకోవడానికీ లేదు. టెస్లా మోడల్ 3లో మోటారును చల్లార్చే నూనె తన వేడిని కూలెంట్‌కు అప్పగించేది ఇలాంటి పలకల కూలర్ ద్వారానే.

గోడకు చిల్లు పడ్డాక ఏది ఎటు కారుతుందో నిర్ణయించేది ఒత్తిడి. 1 బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత. వేడెక్కిన ఇంజన్‌లో కూలెంట్ ఒత్తిడి అంతకంతకూ పెరగకుండా మూతలోని స్ప్రింగు సుమారు 1 బార్ దగ్గర, కొన్ని కార్లలో 1.4 దగ్గర ఆపుతుంది. రోడ్డు మీద పరుగెత్తే ఇంజన్‌లో నూనె పంపు 3, 4 బార్లతో నూనెను తోస్తుంటుంది. సిలిండర్‌లో మంట రగిలిన క్షణాన పెట్రోలు ఇంజన్‌లోనైతే 50 బార్లు, ఇప్పటి డీజిల్ ఇంజన్లలో 150 కూడా దాటుతుంది. బండి నడుస్తున్నంతసేపూ నూనెదే పైచేయి కాబట్టి కూలర్ పలక చిట్లితే నూనె నీళ్లలోకి దూరుతుంది. తాళం తిప్పి ఇంజన్ ఆపగానే నూనె ఒత్తిడి కొన్ని సెకన్లలో పడిపోతుంది. కూలెంట్ మాత్రం వేడి తగ్గేదాకా, చాలాసేపు, ఒత్తిడితోనే ఉంటుంది. అప్పుడు అదే చిల్లు గుండా కారడం వెనక్కి తిరుగుతుంది, నీళ్లు నూనెలోకి దిగుతాయి.

ఈ ఒక్క విషయం చేతిలో ఉంటే చాలా చిక్కుముళ్లు విడిపోతాయి. కూలెంట్ డబ్బా నిండా నూనె ఉండి, డిప్‌స్టిక్ మీది నూనె శుభ్రంగా ఉందనుకుందాం. అంటే ఒత్తిడితో పారే నూనె దారికే చిల్లు పడింది. హెడ్ గాస్కెట్‌లో అలాంటి దారి కొద్ది చోట్లే ఉంటుంది. చాలా ఇంజన్లలో హెడ్డు పైకి నూనెను ఎక్కించే రంధ్రం ఒకటో రెండో ఉంటాయి. మిగిలినవన్నీ పైనుంచి కిందికి నూనె తనంత తాను జారిపోయే రంధ్రాలు, వాటిలో ఒత్తిడి ఉండదు. అక్కడ గాస్కెట్ చెడితే కూలెంటే నూనెలోకి దిగాలి గాని నూనె నీళ్లలోకి రాదు. డబ్బాలో నూనె ఎక్కువ, డిప్‌స్టిక్ మీద నీటి జాడ లేదు అన్నప్పుడు అనుమానం మొదట ఆయిల్ కూలర్ మీదికి పోవాలని చెప్పేది ఈ లెక్కే. హెడ్డు నిర్దోషి అని అప్పుడే తీర్పు చెప్పలేం. కానీ చవకైన అనుమానితుణ్ని ముందు ప్రశ్నించడం న్యాయం.

నూనె, నీళ్లు కలవవని చిన్న పిల్లలకూ తెలుసు. మరి డబ్బాలో ఇవి కలిసిపోయి చిక్కగా ఎందుకు మారాయి? ఇంజన్ ఆయిల్ ఉత్త నూనె కాదు. మసి పేరుకోకుండా, మురికి గడ్డకట్టకుండా తయారీదారులు అందులో డిటర్జెంట్లు, డిస్పర్సెంట్లు కలుపుతారు. ఈ అణువుల్లో ఒక కొస నీటి వైపు మొగ్గితే, పొడవాటి తోక నూనె వైపు ఒదుగుతుంది. వాటర్ పంపు రెక్కలు నిమిషానికి వేలసార్లు తిరుగుతూ నూనెను సన్నని బొట్లుగా చీలుస్తాయి, ఈ అణువులు ఒక్కో బొట్టు చుట్టూ చేరి మళ్లీ కలవనివ్వవు. మైక్రాన్ సైజు బొట్లు వెలుతురును అన్ని వైపులకూ చెదరగొడతాయి కాబట్టి తేటగా ఉన్న రెండు ద్రవాలు కలిసి పాలిపోయిన, వెలుగు దూరని రంగులోకి మారతాయి. దీన్నే ఎమల్షన్ అంటారు.

రంగు కూడా సాక్ష్యమే. ఇంజన్ ఆయిల్ అయితే గోధుమరంగు. మసి పట్టిన డీజిల్ నూనె అయితే బూడిదరంగు, లేదా పైన నల్లని తెట్టు. గేర్‌బాక్స్ నూనెలో చాలా రకాలకు తయారీలోనే ఎర్ర రంగు వేస్తారు, కాబట్టి అది కలిస్తే గులాబీరంగు. అమెరికాలో 2005 నుంచి 2010 వరకు తయారైన నిస్సాన్ పాత్‌ఫైండర్, ఎక్స్‌టెర్రా, ఫ్రాంటియర్ బండ్ల యజమానులు ఈ గులాబీరంగును బాగా ఎరుగుదురు. వాళ్లు దానికి పెట్టుకున్న పేరు 'స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్'. రేడియేటర్ లోపలున్న గేర్‌బాక్స్ కూలర్ చిట్లి రెండు ద్రవాలూ కలిసిపోయాయి. ఇంజన్‌కు ఏమీ కాలేదు, హెడ్ గాస్కెట్ చక్కగానే ఉంది. దెబ్బంతా గేర్‌బాక్స్‌కే తగిలింది. క్లచ్ పలకల మీద కాగితం లాంటి పదార్థాన్ని జిగురుతో అతికిస్తారు, నీళ్లు ఆ జిగురు పట్టును వదిలిస్తాయి. రేడియేటర్ మార్చితే తీరిపోవాల్సిన పని మొత్తం గేర్‌బాక్స్ మార్చేదాకా వెళ్లింది. కోర్టుల్లో సామూహిక దావాలు నడిచాయి, కంపెనీ రేడియేటర్ వారంటీని పొడిగించింది. ముందుజాగ్రత్తగా ఎంతోమంది యజమానులు రేడియేటర్‌లోని కూలర్‌ను పూర్తిగా పక్కనపెట్టి, గాలితో చల్లారే విడి కూలర్ పెట్టించుకున్నారు. ఆటోమేటిక్ కార్లు మన ఊళ్లలోనూ పెరుగుతున్న ఈ రోజుల్లో డబ్బాలో గులాబీరంగు కనిపిస్తే ఇంజన్ వైపు చూసి కాలం వృథా చేయకూడదు. బండి అక్కడే ఆపి గేర్‌బాక్స్ నూనె చూడాలి.

గాస్కెట్‌దే నిజంగా తప్పయిన కథ బ్రిటన్‌లో ఉంది. రోవర్ కంపెనీ 1989లో తెచ్చిన కె-సిరీస్ ఇంజన్ తేలికగా, చురుగ్గా ఉండి మొదట్లో ప్రశంసలందుకుంది. హెడ్డు, బ్లాకు, కింది చట్రం అన్నిటినీ పది పొడవాటి బోల్టులు కలిపి నొక్కి పట్టుకునేవి. ఆ ఇంజన్‌లో కూలెంట్ పరిమాణం తక్కువ, వేడిలో హెచ్చుతగ్గులు ఎక్కువ. గాస్కెట్ రేకు మీద నూనె, నీటి దారుల చుట్టూ రబ్బరు లాంటి సన్నని గట్టు ఉండేది. వేడికీ చల్లదనానికీ హెడ్డు అటూ ఇటూ కదిలి ఆ గట్టు లేచిపోతే నూనె, నీళ్లు ఏకమయ్యేవి. 1997లో వచ్చిన ల్యాండ్ రోవర్ ఫ్రీలాండర్‌లో 1.8 లీటర్ల కె-సిరీస్ పెట్టాక ఈ సమస్య ఇంటింటి మాట అయింది. హెడ్డును సరైన చోట నిలిపే ప్లాస్టిక్ గూటాల బదులు ఉక్కువి పెట్టడం, పలు పొరల ఉక్కు గాస్కెట్ వాడటం తర్వాతి చికిత్సలు. ఇంజన్ చరిత్ర తెలిసిన మెకానిక్‌కు రోగం సగం తెలిసినట్టే అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అసలు నూనే లేకుండా నూనెలా కనిపించే సందర్భాలూ ఉన్నాయి. జనరల్ మోటార్స్ 1990ల మధ్యలో డెక్స్-కూల్ అనే నారింజరంగు కూలెంట్ తెచ్చింది. 4.3 లీటర్ల వి6 ఇంజన్లున్న కొన్ని బండ్లలో కూలెంట్ మట్టం తగ్గి లోపలికి గాలి చేరినప్పుడు, ఇనుప గోడలు తుప్పుపట్టి గోధుమరంగు బురద పేరుకుంది. చూసినవాళ్లెవరైనా నూనె అనే అనుకుంటారు. ఈ గొడవ కూడా కోర్టుకెక్కి 2008లో రాజీతో ముగిసింది. మన దగ్గర బోరు నీళ్లు పోసీ పోసీ వాడిన రేడియేటర్లలో తుప్పు, సున్నపు పొక్కులు కలిసిన మడ్డి ఇలాగే మోసం చేస్తుంది. పొసగని రెండు రకాల కూలెంట్లు కలిస్తే జిగట పుట్టవచ్చు. మరోటి, నూనె పోసే మూత లోపలి వైపు మాత్రమే తెల్లని నురగ కనిపించి, డిప్‌స్టిక్, కూలెంట్ రెండూ శుభ్రంగా ఉంటే, అది చలికాలంలో రెండు కిలోమీటర్లు తిరిగి ఆపేసే కారులో పేరుకున్న గాలి తేమ కావచ్చు. హైవే మీద గంటసేపు నడిపితే ఆవిరైపోతుంది. అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: ఈ మధ్య ఈ డబ్బాలో ఏదైనా పోసిందెవరు? నూనె పోసిన గరాటుతోనే కూలెంట్ పోసినా, పొరపాటున ఒక మూత మూసి ఇంకో మూత తీసినా, డబ్బాలో నూనె తేలుతుంది. ఇంజన్‌లో ఏ దోషమూ ఉండదు.

పరీక్షలకు దిగేముందు ఒక హెచ్చరిక. ఇంజన్ వేడిగా ఉండగా మూత జోలికి పోకూడదు. సగానికి సగం గ్లైకాల్ కలిపిన కూలెంట్ మామూలు ఒత్తిడిలో సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, 1 బార్ మూత కింద దాదాపు 128 డిగ్రీల దాకా మరగకుండా ఆగుతుంది. మూత తిప్పిన క్షణాన ఒత్తిడి పోయి అంత వేడి ద్రవమూ ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. అలా కాలినవాళ్లు ఎందరో. ఇంకో మాట, కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. తీసిన కూలెంట్‌ను పిల్లలకు, కుక్కలకు, పిల్లులకు అందేచోట పళ్లెంలో వదిలేయకూడదు. కాలువలో పారబోయకూడదు.

చల్లారిన ఇంజన్ నుంచి తీసిన కూలెంట్‌ను తెల్లని గాజు సీసాలో పోసి, మూత పెట్టి, కదపకుండా ఒక రాత్రి ఉంచాలి. నూనె సాంద్రత లీటరుకు సుమారు 0.87 కిలోలు, సగం గ్లైకాల్ కూలెంట్‌ది 1.07 దాకా. కాబట్టి నూనె పైకి తేలుతుంది, తుప్పు అడుక్కి దిగుతుంది. తెల్లారేసరికి సీసా పైభాగాన పలుచని నూనె పొర, దాని కింద గోధుమరంగు నురగ, ఆ కింద కొంచెం తేటపడ్డ కూలెంట్ పొరలుగా కనిపిస్తాయి. బాగా చిలికిన ఎమల్షన్ అయితే తేరుకోవడానికి రోజులు పడుతుంది. తొందరగా తేల్చుకోవాలంటే ఆ మడ్డిని కొంచెం తీసి డీజిల్‌లో కలిపి చూస్తే సరి. నూనె అందులో కరిగిపోతుంది, తుప్పు కరగదు. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేస్తే నీళ్లు ఆరిపోయాక కూడా, వెలుతురుకెత్తి పట్టుకున్నప్పుడు మెరిసే జిడ్డు మరక మిగిలితే అది నూనే.

డిప్‌స్టిక్ మీది నూనెలో నీళ్లున్నాయా అని చూడటానికి నూనెల ప్రయోగశాలల్లో వాడే పద్ధతి ఇంకా సులువు. సుమారు 160 డిగ్రీలకు కాచిన ఇనుప పలక మీద ఒక చుక్క నూనె వేస్తారు. అందులో వెయ్యో వంతు నీళ్లున్నా చిటపటమంటుంది. నీళ్లు లేని నూనె నిశ్శబ్దంగా పరుచుకుంటుంది. కళ్లకు అద్దాలు లేకుండా, పక్కన పెట్రోలు పెట్టుకుని చేసే పని మాత్రం కాదిది.

ఇక మంట వాయువుల పరీక్ష. దీనికి బ్రోమోథైమాల్ బ్లూ కలిపిన నీలి ద్రవం కావాలి. దాన్ని గాజు గొట్టంలో పోసి, చల్లారిన రేడియేటర్ నోటికి అమర్చి, ఇంజన్ నడుస్తుండగా లోపలి గాలిని రబ్బరు బల్బుతో ఆ ద్రవం గుండా లాగుతారు. సిలిండర్ నుంచి వాయువు కూలెంట్‌లోకి కారుతుంటే అందులోని కార్బన్ డయాక్సైడ్ ద్రవంలో కరిగి ఆమ్లమవుతుంది. పీహెచ్ 7.6కు పైన నీలంగా ఉండే ఈ రంగు 6కు దిగేసరికి పసుపు అవుతుంది. పసుపు అయితే సిలిండర్‌కూ నీళ్లకూ మధ్య దారి పడ్డట్టే, హెడ్డు దించడం తప్పదు. నీలంగానే ఉండి డబ్బాలో నూనె ఉంటే వేలు ఆయిల్ కూలర్ వైపు చూపిస్తుంది. డీజిల్ ఇంజన్ ఐడిల్‌లో వదిలే పొగలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ కాబట్టి రంగు మారడానికి సమయం పడుతుంది. రెండు నిమిషాల్లో తేల్చేసి హెడ్డును నిర్దోషిగా వదిలేయకూడదు. చేతితో చేసే పరీక్ష కూడా దీనికి తోడుంది. రాత్రంతా చల్లారిన ఇంజన్‌ను పొద్దున్నే స్టార్ట్ చేయించి రేడియేటర్ పై హోస్ పైపును పట్టుకుంటే, కూలెంట్ ఇంకా వేడెక్కకముందే, ఒక నిమిషంలోనే పైపు గట్టిపడుతోందంటే ఆ ఒత్తిడి వేడిది కాదు, సిలిండర్‌ది.

అనుమానం కూలర్ మీద నిలిచాక దాన్ని విప్పి, కూలెంట్ వైపు దారులు తెరిచే ఉంచి, నూనె వైపు ఒక దారి మూసి, రెండో దారి నుంచి 3, 4 బార్ల గాలి పట్టించి నీళ్లలో ముంచితే బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో కళ్లారా చూడవచ్చు. ఇక్కడ చాలామంది ఒక సంగతి మరచిపోతారు. చల్లని కూలర్‌లో మూసుకుని ఉండే సన్నని పగులు వేడిలో వ్యాకోచించి తెరుచుకోవచ్చు. అందుకే ముంచే నీళ్లను వేడిగా ఉంచి, ఒకటికి రెండుసార్లు, కొన్ని నిమిషాలపాటు చూడటం మంచిది. కూలర్ బాగుందని తేలితే దాని సీళ్లను, అది కూర్చునే చోటును పరీక్షించాలి. కూలర్ ఇంజన్ మీద ఉండగానే ఇంకో దారి ఉంది. నూనెలో ఫ్లోరసెంట్ డై కలిపి నడిపి, ఆ తర్వాత కూలెంట్‌ను అతినీలలోహిత దీపం కింద చూడటం. మెరిస్తే, కారడం ఇంకా సాగుతోందని అర్థం.

చిల్లు దొరికి కూలర్ మార్చేశాక చాలా షెడ్డుల్లో పని అయిపోయిందనుకుంటారు. నూనె చేసే అసలు నష్టం అప్పటికి మిగిలే ఉంటుంది. కూలెంట్ హోస్ పైపులు ఎక్కువగా ఈపీడీఎమ్ అనే రబ్బరుతో చేస్తారు. అది గ్లైకాల్‌కు, వేడి నీళ్లకు ఏళ్ల తరబడి తట్టుకుంటుంది గాని పెట్రోలియం నూనె తగిలితే పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. క్లిప్పు దగ్గర పైపు ఉబ్బి, నొక్కితే దూదిలా దిగబడుతుంటే దాని ఆయుష్షు తీరినట్టే. కడిగినా మళ్లీ గట్టిపడదు, మార్చాల్సిందే. ఇక రేడియేటర్ గొట్టాల లోపల పట్టిన నూనె పొర వేడిని బయటికి పోనివ్వదు. నూనె వేడిని మోసే శక్తి కూలెంట్‌తో పోలిస్తే మూడో వంతు, అల్యూమినియంతో పోలిస్తే వెయ్యో వంతు కూడా కాదు. 95 డిగ్రీల కూలెంట్‌కూ 30 డిగ్రీల గాలికీ మధ్య తేడా 65. ఎండలకు పేరుమోసిన రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం గాలి 45 డిగ్రీలకు చేరితే ఆ తేడా 50కి పడిపోతుంది. అంటే రేడియేటర్ వదిలించుకోగల వేడిలో దాదాపు నాలుగో వంతు ఎండే తినేస్తుంది. అలాంటి రోజున లోపల జిడ్డు పొర కూడా ఉంటే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు పరుగెత్తడంలో వింతేమీ లేదు. నీళ్లు దిగిన ఇంజన్ ఆయిల్ సంగతి ఇంకా తీవ్రం. గ్లైకాల్ అందులో ఆమ్లాలుగా మారి బేరింగులను తింటుంది కాబట్టి ఆ నూనె, ఫిల్టరు వెంటనే మార్చాలి, కొద్ది దూరం నడిపి మళ్లీ మార్చాలి.

కడగడానికి నీళ్లొక్కటే చాలవు. కూలింగ్ వ్యవస్థకని అమ్మే, నూనెను విడదీసే డిగ్రీసర్ వేసి, థర్మోస్టాట్ తీసేసి లేదా అది తెరుచుకునేంత వేడెక్కించి, హీటర్ తిప్పి ఉంచి నడపాలి. హీటర్ మూసి కడిగితే దాని లోపలి నూనె అక్కడే ఉండి రేపు కొత్త కూలెంట్‌లోకి దిగుతుంది. వేసిన మందంతా పోయేదాకా నీళ్లు మార్చి, చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి అప్పుడు కొత్త కూలెంట్ పోయాలి. డబ్బా గోడలకు పట్టిన జిడ్డు వదలకపోతే కొత్త డబ్బా పెట్టడమే మేలు.

ఎంత కడిగినా మూలల్లో కొంత నూనె మిగులుతుంది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్ల తర్వాత డబ్బాలో మళ్లీ పలుచని తెట్టు కనిపిస్తే కంగారుపడి హెడ్డు దించక్కర్లేదు. ఆ రోజు తీసిన కూలెంట్‌తో ఒక సీసా నింపి తేదీ రాసి పెట్టుకోవాలి. ఇంకో మూడు వందల కిలోమీటర్లు తిరిగాక అదే కొలత సీసాలో రెండో నమూనా తీసి రెంటినీ పక్కపక్కన నిలబెట్టి, పైన తేలిన పొర మందం పోల్చాలి. రెండోది పలుచబడితే అది పాత నూనె, ఇంకోసారి కడిగితే పోతుంది. రెండోది మందంగా ఉంటే నూనె ఇంకా ఎక్కడినుంచో వస్తోంది. అప్పుడు నీలి ద్రవం మళ్లీ బయటికి తీసి, ఇంజన్ చల్లగా ఉండగానే అమర్చి, ఈసారి బాగా వేడెక్కేదాకా నడిపి, హెడ్డు దగ్గర మొదలుపెట్టాలి.